మెత్తన మండలి

మద్దిలేటి పొట్టను డాక్టర్లు కోసి, కుదించి, కుట్టేశారు. ఒకప్పుడు ఆ పొట్టలో పొద్దున ఒక పెళ్ళి భోజనం, మధ్యాహ్నం ఒక గృహప్రవేశం భోజనం పట్టి, సాయంత్రం పకోడీలకు ఇంకా చోటు మిగిలేది. ఇప్పుడు గిద్దెడు పడితే అంచుదాకా వచ్చేస్తుంది. ఆ గిద్దెడు దేనితో నింపాలన్నది మాత్రం ప్రభుత్వానికి అంత సులభంగా తేలలేదు.

మద్దిలేటి నంద్యాల వైపు మనిషి. మార్కెట్ యార్డులో కాటా గుమాస్తా. ధాన్యం లారీలు తూచడం ఆయన పని. లారీ కాటా చిన్నాచితకా బరువులకు కదలదు. కోడి ఎక్కినా, కుక్క ఎక్కినా, హమాలీ ఎక్కినా పట్టించుకోదు. అలాంటి కాటా ఒకరోజు లారీ లేకుండా ఆయనొక్కడే ఎక్కి నిలబడితే కదిలింది. హమాలీలు చప్పట్లు కొట్టారు. మద్దిలేటి ఆ సాయంత్రమే ఆపరేషన్‌కు అర్జీ పెట్టుకున్నాడు.

ఉద్యోగి కాబట్టి ఆపరేషన్ ఉచితమే. అయితే ఒక షరతు. కుట్లు మానాక పట్నంలోని ప్రభుత్వ ఉదర పునరావాస భవనంలో ఉండాలి. తాగే తిండి నుంచి మెత్తని తిండికి వచ్చేదాకా గడప దాటకూడదు. మధ్యలో అధికారుల ముద్ర లేనిదేదైనా నోట్లో పెట్టుకుంటే ఆపరేషన్ ఖర్చంతా జీతంలోంచి కోస్తారు. పొట్ట కోయించుకున్నవాడు జీతం కూడా కోయించుకోలేడు కదా. అందుకని మద్దిలేటి బుద్ధిగా మంచం మీద కూర్చుని, ఇచ్చిన పప్పుకట్టూ మజ్జిగా వడగట్టిన జావా గుటక గుటకగా తాగుతూ వచ్చాడు. నిద్రపోతే చాలు, కలలో సంగటి ముద్ద కొండ వెనకనుంచి పొడుచుకొచ్చేది. చెయ్యి చాపేలోగా మెలకువ వచ్చేది.

ఒక పొద్దున డాక్టర్ వైదేహి వచ్చి కుట్లు చూసి, పొట్ట నొక్కి చూసి, నవ్వింది.

"ఇంక మెత్తటి ఆహారానికి వచ్చేయొచ్చండీ. నలిపిన ఇడ్లీ, పెరుగన్నం, మెత్తగా ఉడికిన పప్పు."

"సంగటి?" అన్నాడు మద్దిలేటి, మంచం మీద ముందుకు జరిగి.

"మెత్తగా, ఉండలు లేకుండా చేయించుకోండి. చిక్కుడు గింజంత, నిదానంగా."

మద్దిలేటి రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు. డాక్టరమ్మ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. "కానీ నేను చెబితే సరిపోదు. మండలి ఒప్పుకోవాలి."

ఆ మండలి పుట్టుక ఇలా జరిగింది. ఎక్కడో ఒక ఊళ్ళో ఇదే ఆపరేషన్ చేయించుకున్నాయన మిఠాయి కొట్టు ముందు నుంచి పోతూ, "నోట్లో వేస్తే కరిగిపోతుంది" అన్న బోర్డు చదివి, మెత్తనిదేనని నమ్మి మైసూరుపాకు తిన్నాడు. అది కరగలేదు. ఆయన బతికాడు గానీ సంగతి పేపర్లో పడింది. పేపర్లో పడింది కాబట్టి సభలో అడిగారు. అడిగారు కాబట్టి మంత్రిగారు లేచారు. లేచాక ఊరికే కూర్చుంటే బాగుండదు కాబట్టి రాష్ట్ర మెత్తదన నిర్ధారణ మండలి అని ఒకటి ప్రకటించి కూర్చున్నారు. జనం దాన్ని మెత్తన మండలి అన్నారు.

మండలి ఛైర్మన్ ధర్మభూషణం గారు రిటైరైన పెద్ద ఇంజినీరు. జీవితమంతా వంతెనలు కట్టించినాయనకు మెత్తదనం గురించి ఏం తెలుసని కొందరు గొణిగారు. ఆ వంతెనల మీద తిరిగినవాళ్ళు మాత్రం ఆయనకు అనుభవం లేదనలేకపోయారు.

డాక్టరమ్మ సిఫారసు అందగానే మండలి భవనానికి తరలివచ్చింది. రోగులను మంచాల మీదే కూర్చోబెట్టి ఛైర్మన్ గారు ప్రసంగించారు.

"ఇంతవరకు మన రాష్ట్రంలో మెత్తదనానికి నిర్వచనం లేకపోవుట మిక్కిలి విచారకరం. తల్లులు బిడ్డలతో 'మెత్తగా ఉంది, తిను నాన్నా' అనుచున్నారు. ఏ ప్రాతిపదికన అనుచున్నారు? ఎవరి ధ్రువీకరణతో అనుచున్నారు?"

పక్కనున్న కార్యదర్శి కమలాకర్ గారు తల్లులను తలచుకుని బాధగా తల ఊపారు.

మొదట ఇడ్లీని పరీక్షకు పెట్టారు. కాంక్రీటు ఎంత గట్టిదో చూడాలంటే దాన్ని దిమ్మలుగా పోసి, ఇరవై ఎనిమిది రోజులు నీళ్ళ తొట్టిలో నానబెట్టి, ఆ తర్వాత యంత్రంలో పెట్టి నొక్కుతారు. ఛైర్మన్ గారికి తెలిసిన పరీక్ష అదొక్కటే. కాబట్టి ఇడ్లీకీ అదే.

"సార్, నీళ్ళలో వేస్తే ఇడ్లీ కరిగిపోతుంది" అంది డాక్టర్ వైదేహి.

"డాక్టరుగారూ, కాంక్రీటు కరగలేదు. ఇడ్లీ ఎందుకు కరుగును?"

తొట్టి వచ్చింది. కొబ్బరికాయ కొట్టి ఇడ్లీని నీళ్ళలోకి దింపారు. కొబ్బరికాయ నీళ్ళు ద్రవమే గనుక రోగులకు తలా చెంచాడు ఇచ్చారు. మర్నాడు పొద్దున చూస్తే తొట్టిలో ఇడ్లీ లేదు. నీళ్ళు మాత్రం తెల్లగా ఉన్నాయి.

కమలాకర్ గారు అక్కడికక్కడే రాయించారు: "ప్రభుత్వ నమూనా అదృశ్యమైనది. చోరీ జరిగినట్లు అనుమానించడమైనది. నీటిని తెల్లగా చేసి సాక్ష్యం చెరిపివేయు ప్రయత్నం జరిగినట్లు తోచుచున్నది."

విచారణకు హెడ్డు కానిస్టేబులు ఎల్లప్ప దిగాడు. ఆయనదీ సీమే. మంచం మంచానికీ పోయి చివరికి మద్దిలేటి దగ్గర ఆగాడు.

"ఇడ్లీ ఏం జేసినావు?"

"నేను తీయల సారూ."

"నోరు తెరువు." ఎల్లప్ప వంగి వాసన చూశాడు. "పప్పుకట్టు వాసనే వస్తాంది. సరే. నీకు ఆకలైతాందా?"

"ఎందుక్కాదు సారూ, సచ్చేంత అయితాంది."

"అట్లయితే ఉద్దేశం ఉండాదన్నమాట" అని రాసుకున్నాడు ఎల్లప్ప.

రెండో ఇడ్లీని దింపి, తొట్టి పక్కన కుర్చీ వేసి, లాఠీ ఒళ్ళో పెట్టుకుని ఎల్లప్పనే కూర్చోమన్నారు. కళ్ళార్పకూడదని ఆర్డరు. మధ్యాహ్నానికి ఆయన చెమటలు కక్కుకుంటూ మండలి ముందుకు వచ్చి నిలబడ్డాడు.

"సార్, నా కండ్ల ముందరే పోయినాది. ఎవురూ రాల. ఎవురూ తీయల."

"అనగా పారిపోయినదా?" అన్నారు ఛైర్మన్ గారు.

"పారిపోలేదు సార్. ఉన్న చోటే ఉండి, అయిపాయ."

మండలి చాలాసేపు ఆలోచించింది. తర్వాత తీర్మానం వచ్చింది. "ఇడ్లీ నిలకడలేని స్వభావము గలది. తొట్టిలో అదృశ్యమైనది రోగి ఉదరమందు అదృశ్యము కాదని హామీ లేదు. కావున నిషేధించడమైనది."

"సార్, ఉదరంలో అదృశ్యం కావాలనే కదా తింటాం!" అంది డాక్టర్ వైదేహి.

"అది మీ వైద్యశాస్త్రం. మాకు నమూనా నిలవాలి."

ఆమె నెత్తి కొట్టుకుంది. విసుగులో ఒక మాట జారింది. "కాంక్రీటులా నానబెట్టి కాదు సార్, మనిషి ఎన్నిసార్లు నమిలితే దిగుతుందో చూడాలి."

ఆ మాట అనకుండా ఉండాల్సింది. ఛైర్మన్ గారి కళ్ళు వెలిగాయి. మెత్తదనం వస్తువులో లేదు, దవడలో ఉంది! మూడో రోజుకు కొత్త నిర్వచనం అచ్చై వచ్చింది. బొత్తిగా నమలకుండా దిగేది ద్రవం. ఇరవైసార్లు నమిలేలోపు దిగేది మెత్తన. ఆపైన గట్టి. నోరు ఒకసారి మూసి తెరిస్తే ఒక నమలడం. లెక్కపెట్టడానికి చర్వణ పర్యవేక్షకుడని ఒకాయనను వేశారు. తిరునాళ్ళలో జనాన్ని లెక్కబెట్టే మీట ఒకటి ఆయన చేతికిచ్చారు. ఆయన రోగి గడ్డం కింద తల పెట్టి, దవడ కదిలినప్పుడల్లా టిక్కుమనిపిస్తాడు. అంత దగ్గరగా ఎవరైనా చూస్తుంటే ఉమ్మి మింగడానికి కూడా మనిషికి సిగ్గేస్తుంది.

పెరుగన్నం పరీక్షకు కదిరప్పను ఎన్నుకున్నారు. వార్డులో అందరికంటే పెద్దవాడని గౌరవించి ఎన్నుకున్నారు గానీ, ఆయన నోట్లో పన్ను లేదని ఎవరూ చూడలేదు. కదిరప్ప ఎన్నో వారాల తర్వాత నోటికందిన మెతుకును వదల్లేక, చిగుళ్ళ మధ్య అటు తిప్పి ఇటు తిప్పి, కళ్ళు మూసుకుని, మీట వేడెక్కేదాకా ఆడించాడు.

"ఎంత?" అన్నారు ఛైర్మన్ గారు.

"రెండు వందలు దాటింది సార్. ఇంకా మింగలేదు."

పెరుగన్నం అతి గట్టి పదార్థాల పట్టికలోకి ఎక్కింది. చెరుకుగడ తర్వాతి స్థానం దానిదే.

"అయ్యో ముసలోడా, మింగకుంటివా!" అని మద్దిలేటి వాపోయాడు.

"మింగితే అయిపోతాది గదా నాయనా" అన్నాడు కదిరప్ప.

అంతటితో పోయినా బాగుండేది. మర్నాడు మజ్జిగ ఇస్తుంటే అందులో కరివేపాకు రెబ్బ ఒకటి ఎవరి నోట్లోనో పడింది. ఆయన దాన్ని నమిలాడు. పర్యవేక్షకుడు నిజాయితీపరుడు, టిక్కుమనిపించాడు. నమలబడింది గనుక మజ్జిగ ద్రవం కాదు. ద్రవం కానిది ఇంకా ద్రవ దశలో ఉన్న రోగికి ఇవ్వకూడదు. మజ్జిగ ఆగిపోయింది. పప్పుకట్టులో ఆవగింజ దొరికింది, అదీ ఆగింది. మిగిలింది వడగట్టిన జావ. దాన్ని మళ్ళీ వడగట్టాలని, వడగట్టినదాన్ని ఇంకోసారి వడగట్టాలని ఉత్తర్వులు వచ్చాయి. రోగి దగ్గరికి చేరేసరికి అది జావను ఒకప్పుడు ఎరిగిన నీళ్ళలా ఉండేది.

మద్దిలేటికి నిలబడితే కళ్ళు తిరుగుతున్నాయి. గోడ పట్టుకుంటే తప్ప బాత్రూము దాకా పోలేడు. లారీ కాటాను కదిలించిన మనిషి ఫ్యాను వేస్తే మంచం పట్టుకుంటున్నాడు. ఒంట్లోకి బలం పోకపోతే రోగి పడిపోతాడని డాక్టర్ వైదేహి మండలికి రాసింది. "మీ లేఖలోని భాష తగినంత మెత్తగా లేనందున తిప్పి పంపడమైనది" అని జవాబు వచ్చింది.

ఆ రోజే సుంకులమ్మ ఊరినుంచి బస్సెక్కి వచ్చింది. మద్దిలేటి భార్య. మొగుడి ముఖం చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఏమయ్యా, నీకు పొట్ట కుదించమంటే మనిషినే కుదించినారే!"

"మే, నెమ్మదిగా మాట్లాడు. ఏం తెచ్చినావు?"

"సంగటి. డాక్టరమ్మ ఫోన్లో జెప్పినట్లు బియ్యం మెదిగిపోయేదాకా ఉడికించి, చేతులు పడిపోయేట్లు గెలికినా. నీకొగ ముద్ద, నాకొగ ముద్ద. కలుపుకోను ఉత్త పప్పుకట్టు, తిరగమాత లేకుండా."

క్యారియర్ మూత తీసిందో లేదో, ఆ వాసన వార్డంతా ఒక చుట్టు చుట్టి వచ్చింది. కదిరప్ప లేచి కూర్చున్నాడు. ఆ వెనకే పర్యవేక్షకుడు పరుగెత్తుకొచ్చాడు. క్యారియర్‌తో సహా సుంకులమ్మనూ, ఆమె భుజం పట్టుకుని నడిచిన మద్దిలేటినీ మండలి ముందు నిలబెట్టారు.

ధర్మభూషణం గారు కోస్తా మనిషి. సంగటిని పుస్తకంలో చూడ్డమే గానీ ఎదురుగా చూడలేదు. ముద్దను వేలితో పొడిచారు. పెన్నుతో తట్టారు. చెవి దగ్గర పెట్టుకుని విన్నారు.

"ఇది ఏ సిమెంటు?"

"రాగిపిండి సామీ."

"స్పష్టంగా గట్టి పదార్థం. దీనితో గోడ కట్టవచ్చును."

"మీరు కట్టిన గోడలకన్నా నిలబడతాది గానీ, ఇది తినేది సామీ" అంది సుంకులమ్మ.

కమలాకర్ గారు బల్ల కొట్టారు. "అమ్మా, మర్యాద! ఇట్టి పదార్థమును రోగి నమలగలడా?"

"నమిలేదేంది? సంగటిని ఎవురన్నా నమల్తారా?" సుంకులమ్మ మండలి మొత్తాన్నీ జాలిగా చూసింది. "మింగల్ల. నమిల్తే పండ్లకు అంటుకొని సస్తాది. మా పిల్లోనికి ఈ సంగతి పాలు మాన్పించిన నాడే తెలుసు."

మద్దిలేటికి అప్పటిదాకా కళ్ళు తిరుగుతున్నాయి. ఆ మాటతో ఆగాయి. ఎంత నీరసంగా ఉన్నా ఆయన యార్డు గుమాస్తా. తేమ ఎక్కువున్న ధాన్యం కొనకూడదని రూలుంటే, వాన కురిసిన ఏడు ధాన్యం మారదు, రూలు చదివే తీరు మారుతుందని ఎరిగినవాడు.

"అయ్యా, చిన్న మనవి" అన్నాడు చేతులు కట్టుకుని. "మండలివారి నిర్వచనం ఇంకొగసారి వినాలని ఉండాది. ఎన్నిసార్లు విన్నా తనివి తీరదు."

తమ నిర్వచనం కోరి వినే రోగిని మండలి అంతవరకూ చూడలేదు. కమలాకర్ గారు లేచి, గొంతు సవరించుకుని, పద్యంలా చదివారు. "బొత్తిగా నమలకుండా దిగునది ద్రవము..."

"అట్లయితే సారూ, వేలుతో పొడవడం రూలు కాదు గదా. నమిలి చూడల్ల గదా?"

కమలాకర్ గారు చేతిలోని కాగితం ఇంకోసారి చూసుకున్నారు. రూలు రూలే. సుంకులమ్మ తన ముద్దను మాదిరి కింద ఇచ్చింది. తినడానికి ఎవరా అని చూస్తే, తలుపు దగ్గర ఎల్లప్ప అప్పటికే బెల్టు వదులు చేసుకుంటున్నాడు. పర్యవేక్షకుడు ఎల్లప్ప గడ్డం కింద తల పెట్టాడు. ఎల్లప్ప ముద్ద తుంచి, పప్పుకట్టులో అద్ది, నోట్లో వేశాడు. గుటుక్కుమంది. మళ్ళీ తుంచాడు. గుటుక్. అద్దడం, వెయ్యడం, గుటుక్. సగం ముద్ద పోయింది.

"ఎంత?" అన్నారు ఛైర్మన్ గారు.

"సున్నా సార్."

"మీట చెడినదేమో చూడండి."

పర్యవేక్షకుడు నొక్కాడు. టిక్కుమంది. మీట బాగానే ఉంది.

"ఇది ఆ ప్రాంతపు దవడల లోపం కావచ్చును" అన్నారు ధర్మభూషణం గారు. "నిష్పాక్షికమైన దవడ కావాలి. నేనే చూచెదను."

"వద్దు సామీ, అలవాటు లేని నోరు" అని సుంకులమ్మ అంటూనే ఉంది. ఆయన నిమ్మకాయంత ముద్ద నోట్లో పెట్టుకుని, ఇంజినీరు కాబట్టి పునాది నుంచి కొరికారు. పైపళ్ళు దిగాయి, కింది పళ్ళు దిగాయి. దిగినవి దిగినట్టే ఉండిపోయాయి. దవడ తెరుద్దామని చూశారు. రాలేదు. కళ్ళు పెద్దవి చేశారు. నోరు మాత్రం మూసే ఉంది.

"ఎంత?" అన్నారు కమలాకర్ గారు.

పర్యవేక్షకుడు తల పక్కకు వాల్చి, నేలమీద కూర్చుని, కింద నుంచి పైకి చూశాడు. "మూసి తెరిస్తే ఒకటి సార్. మూశారు. తెరవలేదు. సున్నా."

"ఊఁ! ఊఁ ఊఁ!" అన్నారు ఛైర్మన్ గారు, రెండు చేతులూ ఆడిస్తూ.

"ఛైర్మన్ గారు రెండు చేతులూ ఎత్తి ఆమోదించిరి" అని రాసుకున్నారు కమలాకర్ గారు. "నోటితో ఎట్టి అభ్యంతరమూ తెలుపలేదు. రాగి సంగటి ద్రవ పదార్థమని ఏకగ్రీవంగా తీర్మానించడమైనది."

ముద్ర పడింది. ఎల్లప్ప ఛైర్మన్ గారి నోట్లో గోరువెచ్చని నీళ్ళు పోసి, వీపు నిమిరి, ముద్దను కరిగించేసరికి ఆర్డరు టైపై, నకళ్ళు తీసి, నోటీసు బోర్డుకు ఎక్కింది. నోరు విడిపడగానే ఛైర్మన్ గారు తిడతారేమోనని అందరూ వెనక్కు జరిగారు. కానీ గట్టి దాన్ని ద్రవం చేయడం ఏ ఇంజినీరు వల్లా కాలేదని, అది తన హయాంలో జరిగిందని ఆయనకు అప్పటికే అర్థమైంది. ఫొటోగ్రాఫరును పిలవమన్నారు.

"అయితే ద్రవాలకు నిన్న వచ్చిన నిబంధన ఒకటి కలదు" అని గుర్తు చేశారు కమలాకర్ గారు. "ద్రవము స్ట్రాతోనే ఇవ్వవలెను."

మద్దిలేటిని మంచం మీద కూర్చోబెట్టి, ఒళ్ళో కంచం పెట్టి, సంగటి ముద్ద నడిమధ్య స్ట్రా గుచ్చారు. అది జెండా కొయ్యలా నిలబడింది. మద్దిలేటి ఫొటో కోసం దాని మూతికి పెదాలు ఆనించాడు. మండలి అంతా చుట్టూ నిలబడి నవ్వింది. "లాగు, లాగు" అన్నారు ఛైర్మన్ గారు. మద్దిలేటి బుగ్గలు లోపలికి లాగి చూపించాడు. ఫ్లాషు పడింది.

అది పడగానే సుంకులమ్మ స్ట్రా పీకి కిటికీలోంచి పారేసింది. డాక్టర్ వైదేహి పక్కనే నిలబడి వేలి కొన చూపించింది, ఇంతేనని. సుంకులమ్మ చిక్కుడు గింజంత తుంచి, పప్పుకట్టులో అద్ది మొగుడి నాలుక మీద పెట్టింది.

మద్దిలేటి కళ్ళు మూసుకున్నాడు. అది వెచ్చగా నాలుక మీద జారి, గొంతు దాటి, తనకు తెలిసిన దారినే పోతున్నట్టు తిన్నగా పోయింది. ఇంకొకటి పెట్టింది. ఇంకొకటి. వార్డంతా గుటక వేసింది. మనిషి ముఖంలోకి రంగు ఎక్కడినుంచో తిరిగి వస్తోంది. ఆమె ఇంకో గింజ తుంచి పట్టుకుంది.

"చాలు" అన్నాడు మద్దిలేటి.

సుంకులమ్మ చెయ్యి గాల్లోనే ఆగింది. "ఏమంటివి?"

"చాలు మే. నిండిపాయ."

ఆమె మొగుణ్ణీ కంచాన్నీ మార్చి మార్చి చూసింది. ముద్దకు ఒక మూల చిన్న గుంట పడిందంతే. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదులుతుంటే ఏడుస్తోందేమోనని డాక్టరమ్మ దగ్గరికొచ్చింది. ఏడవడం లేదు, నవ్వుతోంది. ఆపుకోలేక మంచం కోడు పట్టుకుని కింద కూర్చుంది.

"రోగి ఏమనెను?" అని అడిగారు ఛైర్మన్ గారు.

"చాలు అన్నాడు సార్."

"ఎంతకు? ఏ ప్రాతిపదికన?" ధర్మభూషణం గారి కళ్ళు మళ్ళీ వెలిగాయి. "చాలుటకు మనకు నిర్వచనం ఉన్నదా కమలాకర్ గారూ? రాయండి. వెంటనే రాయండి."

సుంకులమ్మ కళ్ళు తుడుచుకుని క్యారియర్ దగ్గరికి లాక్కుంది.

"రాసుకోండి సామీ, బాగా పెద్దచ్చరాలతో రాసుకోండి" అంది. "ఆ ఒక్క మాట వినల్లనే ఇరవయ్యేండ్ల నుంచి సంగటి గెలుకుతాండా."